సాయిలు చెప్పిన ఓల్డాన్

కరోనా వచ్చి సిటీ బస్సులన్నీ డిపోల్లో పడుకున్న ఆ ఆరు నెలలూ మదీనాగూడలోని ఆ మూడంతస్తుల ఇంట్లో ప్రతివాడూ రవాణా మంత్రే. బస్సులు నడపాల్సిందేనని కింది వాటా ఆయన, నడిపితే ఊరు వల్లకాడవుతుందని పై వాటా ఆయన. మూతులకు గుడ్డలు కట్టుకుని మరీ మెట్ల మీద కొట్లాడుకునేవారు. ఎటూ తేలక చివరికి నడిమి వాటా సాయిలు దగ్గరికి వచ్చేవారు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి కదా! "నువ్ చెప్పు సాయన్నా, బస్సు నడవాల్నా వద్దా?" అంటే, "నాకేం ఎరుక బిడ్డా" అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. తెలియక కాదు. ఆ ప్రశ్నకు ఆయన ఒకసారి జవాబు చెప్పి ఉన్నాడు. 2009లో, పందిజ్వరం రోజుల్లో, నడుస్తున్న బస్సులో, ఒకే ఒక్క మాటతో.

అప్పటి తన రూటు సంగతి ఎత్తితే మాత్రం ఆయన మొహమే మారిపోతుంది. పొద్దున ఏడింటికి లింగంపల్లిలో బయల్దేరి మదీనాగూడ, ఆల్విన్ చౌరస్తా, హఫీజ్‌పేట వంతెన, కొండాపూర్, కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి చేరే బస్సు. అప్పుడు ఇలా గోడకు గోడ తగిలే ఊరా అది? కొత్తగూడ దాటితే రోడ్డుకు రెండు పక్కలా బండరాళ్లు, రాళ్ల సందుల్లో సీతాఫలం చెట్లు, ఎక్కడో దూరాన ఎండకు మెరుస్తూ ఒక అద్దాల మేడ. కిటికీలోంచి కొట్టే గాలికి నిద్ర సరిపోని వాళ్లంతా కునికేవారు. డ్రైవర్ నర్సింహ గేరు మార్చినప్పుడల్లా బండి ఒక మూలుగు మూలిగేది. "ఇగ మన ముసల్ది లేసిందే సాయన్నా" అని అతను రోజూ అదే మాట అనేవాడు, రోజూ బస్సు నవ్వేది. ఇప్పుడు ఏసీ బస్సులో ఎక్కి దిగేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నవ్వడం సంగతి సరేసరి.

ఆ బస్సులో ముందు సగం ఆడవాళ్లది. ఆఫీసులు ఊడ్చి తుడిచే ఆడవాళ్లే ఓ ఇరవై మంది ఉండేవారు. వెనక సగంలో సెక్యూరిటీ గార్డులు, మేస్త్రీలు, కంపెనీ బస్సు తప్పిపోయిన సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఎవరి మొగుడు తాగొచ్చి గొడవ చేశాడో, ఎవరి పిల్లవాడు పదో తరగతి గట్టెక్కాడో సాయిలుకు తెలియని సంగతి లేదు. సాయిలు ఇంట్లో ఏం కూర వండారో వాళ్లకూ తెలుసు.

కండక్టరుకు ఉండేవి రెండే మంత్రాలు. "రైట్ రైట్" అంటే బండి కదలాలి, "ఓల్డాన్" అంటే ఆగాలి. ఈ రెండోది అసలు ఇంగ్లీషు మాటని, ఇంగ్లీషువాళ్లు దాన్ని హోల్డ్ ఆన్ అంటారని స్వాతి అనే అనంతపురం సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒకసారి చెప్పింది. "ఇంగ్లీషోనిదైతే వాన్నే వచ్చి ఆపమను బస్సును. నర్సింహ ఆపుతడో లేదో చూద్దాం" అన్నాడు సాయిలు. నిజంగానే అదేం గొంతు! ఆయన ఓల్డాన్ అంటే హఫీజ్‌పేట వంతెన కింద రైలు కూడా ఆగుతుందని ఆడవాళ్లు ఆటపట్టించేవారు. ఆ గొంతు ఎక్కువసార్లు లేచింది పరుగెత్తుకొచ్చే వాళ్ల కోసమే. స్టాపు దాటిపోయినా సరే, వెనక టిఫిన్ సంచి ఊపుకుంటూ ఉరికి వచ్చే ఆడమనిషి కనిపిస్తే బస్సు ఆగాల్సిందే.

అలా రోజూ ఉరికి వచ్చి ఎక్కేది ఎల్లమ్మ. పాలమూరు దిక్కు మనిషి. మొగుడు మేస్త్రీ పనికని పట్నం వచ్చి, కడుతున్న మేడ మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి గచ్చిబౌలి అవతల ఒక పెద్ద ఆఫీసులో ఊడ్చే పని చేసి ఇల్లు నడుపుతోంది. కష్టం చేతులకే గానీ నోటికి లేదు. ఎక్కడమే ఎవరినో ఒకరిని ఏడిపిస్తూ ఎక్కేది, తెలంగాణ పాటలు పాడుతూ కూర్చునేది, గచ్చిబౌలిలో దిగేవరకు ఆ నోరు మూతపడితే ఒట్టు.

ఆ ఏడు వానలతో పాటే స్వైన్ ఫ్లూ దిగింది. పుణెలో జనం చచ్చిపోతున్నారని టీవీల్లో ఒకటే హోరు. మన దవాఖానల్లోనూ చేరుతున్నారని పేపర్లు. జనం నోట్లో అది పందిజ్వరం. కర్పూరం, యాలకులు మూటగట్టి పీల్చేవాళ్లు కొందరు, పచ్చటి మాస్కులు కట్టేవాళ్లు కొందరు. తా దూర సందు లేదు మెడకో డోలన్నట్టు, ఒంటికాలి మీద నిలబడే బస్సులో మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని బోధించేవాళ్లు ఇంకొందరు.

అప్పుడు బయటపడింది సాయిలు బొటనవేలి బండారం. టికెట్ల కట్టలోంచి టికెట్ చింపే ముందు వేలు నాలుకకు తగిలించుకోవడం ఆయనకు ఇరవై ఏళ్ల అలవాటు. తాను ఆ పని చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. ఒక పొద్దున స్వాతి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏం అనుకోవద్దన్నా. నువ్వు ఎంగిలి చేసిచ్చే టికెట్టు నాకొద్దు. దుడ్లు తీసుకో, టికెట్టు నీ దగ్గరే పెట్టుకో."

సాయిలుకు తల కొట్టేసినట్టయింది. ఎల్లమ్మ ఊరుకుంటుందా? "ఓ పిల్లా, బతుకమ్మకు ఎంగిలిపూలున్నట్టు మా బస్సుకు ఎంగిలి టికెట్లుంటయ్! గిన్నేండ్ల సంది గివే తీసుకుంటున్నం, మేం సచ్చినమా?" అంది. బస్సంతా ఘొల్లుమంది. స్వాతి కూడా నవ్వింది గానీ టికెట్ మాత్రం ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం సంగతంతా విన్న సాయిలు భార్య బాలమణి, "దీనికే గింత పరేషానా? చంటిపిల్లకు పాలు మాన్పియ్యాలంటే ఏం జేస్తం?" అని వేపాకు నూరి మొగుడి బొటనవేలికి దట్టంగా పట్టించి డ్యూటీకి పంపింది. పాపం, మర్నాడు లింగంపల్లి నుంచి హఫీజ్‌పేట వచ్చేలోపే ముప్పైసార్లు మొహం చిట్లించాడు. టికెట్లన్నీ ఆకుపచ్చ మరకలు. నర్సింహ అద్దంలో చూసి నవ్వలేక చచ్చాడు. నాలుగో రోజుకు నాలుక దారికొచ్చింది. అది చూసి జాలేసి కాబోలు, స్వాతి తన ఆఫీసులోంచి వేలు తడుపుకునే స్పాంజి డబ్బా ఒకటి తెచ్చిచ్చింది. "ఇది తడిపి పెట్టుకో అన్నా. ఇంక ఆ చేదు తినే పనిలేదు" అంది. ఆ డబ్బాను సాయిలు టికెట్ల కట్టల పక్కనే పెట్టుకుని వచ్చినవాళ్లకల్లా చూపించుకున్నాడు.

బస్సులు నడపాలా వద్దా అన్న కొట్లాట అప్పుడూ ఉంది. లాప్‌టాప్ సంచీ తగిలించుకున్న ఒకాయన రోజూ కొండాపూర్‌లో ఎక్కి రోజూ అదే పాట పాడేవాడు. "ఈ బస్సులు ముందు ఆపేయాలండీ. ఒకళ్ల మీద ఒకళ్లు పడి పోతుంటే రోగం రాక ఏమొస్తుందండీ? మా వాళ్లు సగం మందిని ఇంటి దగ్గర్నుంచే పని చేసుకోమన్నారు."

"మంచి మాట సారూ" అంది ఎల్లమ్మ. "నేను గూడ ఇంటికాడ కూసునే మీ ఆఫీసు ఊడుస్త. గా కంప్యూటర్లకెల్లి చీపురు వొయ్యే తొవ్వ జర చూపియ్యి."

ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వినవాడు సాయిలే. బస్సు ఆగితే ఈ ఇరవై మంది ఇళ్లలో పొయ్యి వెలగదని ఆయనకు లెక్కలు చెప్పక్కర్లేదు. మరి అలాంటివాడు ఎలా మారాడంటే, కూతురు వచ్చింది కాబట్టి.

ఆగస్టు చివర ప్రవళికను కాన్పుకు పుట్టింటికి తీసుకొచ్చారు. ఏడో నెల. చూపించుకోవడానికి పోతే, కడుపుతో ఉన్నవాళ్లకు ఈ జ్వరం తగిలితే తల్లికీ బిడ్డకూ ప్రమాదమని, ఇంట్లో బయట తిరిగేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. బయట తిరిగేవాడంటే సాయిలు కాక ఇంకెవరు? రోజుకు వెయ్యి చేతులు తాకే మనిషి. ఆ రోజు నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. వెనక వాకిట్లో నెత్తిన నీళ్లు గుమ్మరించుకుని, యూనిఫాం వేణ్నీళ్లలో నానేసి, కూతురితో కిటికీ అవతలి నుంచి మాట్లాడేవాడు. "ఏంది నాయినా, నేనేమన్న పరాయిదాన్నయిన్నా?" అని ప్రవళిక ఒక రోజు అడిగింది. మర్నాడే డిపోలో సెలవు అడిగాడు. సగం మంది జ్వరాలతో పడి ఉన్నారు, నువ్వూ పోతే బండ్లెలా కదులుతాయన్నారు. డిపో ముందు చాయ్ హోటల్లో, "పది దినాలు బస్సులు బంద్ పెడితే ఏమైతది?" అని మొట్టమొదట అన్నది సాయిలే. విన్నవాళ్లు తలలూపారు గానీ, బస్సులు మామూలుగానే కదిలాయి.

ఇక బస్సులో రోజూ బతిమాలడమే. "అమ్మలారా, మా ప్రవళికకు ఏడు నిండుతున్నయ్. నా మీద దయుంచి దగ్గెటోళ్లు, తుమ్మెటోళ్లు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోండ్రి." ఆడవాళ్లంతా కొంగులు కట్టుకునేవారు. ఎల్లమ్మ అయితే ఎక్కుతూనే "పిల్ల తింటున్నదా? కాళ్లకు నీరు పట్టిందా?" అని రోజుకో ప్రశ్న వేసేది.

సెప్టెంబరు నడుమ ముసురు పట్టిన ఒక సోమవారం. జల్లు కొడుతుందని కిటికీలన్నీ మూసేశారు. మదీనాగూడలో ఎక్కిన ఎల్లమ్మ ఎక్కినప్పటి నుంచీ దగ్గుతోంది. కొంగు నోట్లో కుక్కుకుంది, నీళ్లు తాగింది, ఆగలేదు. "జ్వరం లేదే! ఆఫీసుల గంటగంటకు తలుపులు, లిఫ్టు బటన్లు మందునీళ్లతోటి తుడిపిస్తుండ్రు. గా ఘాటుకు గొంతు మండుతున్నది" అని చెప్పబోయింది. ఎవరు వింటారు? పక్కన కూర్చున్న ఆమె లేచి వెనక్కి పోయింది. ముందు సీటు ఆమె లేచింది. కిక్కిరిసిన బస్సులో ఎల్లమ్మ చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యాయి.

కొండాపూర్‌లో ఎక్కిన లాప్‌టాప్ సంచీ ఆయన ఒక నిమిషం చూసి, "ఏమండీ కండక్టర్ గారూ, ఆమెను దించేయండి. ఇంతమంది ప్రాణాలతో చెలగాటమా?" అన్నాడు. వెనక నుంచి ఇంకో ఇద్దరు అందుకున్నారు. దించెయ్, దించెయ్. సాయిలు ఆడవాళ్ల వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఎల్లమ్మతో కలిసి నవ్విన ఇరవై మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు "ఏందిది" అని అడిగితే బాగుండునని ఆశపడ్డాడు. వాళ్లు కాళ్ల వైపు చూసుకుంటున్నారు. స్వాతి మూసి ఉన్న కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎల్లమ్మ మళ్లీ దగ్గింది. ఆ దగ్గు వెంట సాయిలు కళ్లముందు కిటికీ అవతల పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ కూతురు కనిపించింది.

"ఓల్డాన్" అన్నాడు.

ఎప్పటి గొంతు కాదది. నర్సింహ నమ్మలేక వెనక్కి తిరిగాడు. "బొటానికల్ గార్డెన్ దాటినం, గీడ స్టాప్ లేదు గదా సాయన్నా?"

"ఆపమన్న గదనే, ఆపు."

బస్సు ఆగింది. నోరు తెరిస్తే పదిమందిని కడిగి ఆరేసే ఎల్లమ్మ ఏమీ అనలేదు. సాయిలు మొహం వైపు ఒక్కసారి చూసి, సంచి చంకన పెట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి దిగింది. రైట్ చెప్పాలి. సాయిలు టికెట్ల కట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో బస్సు రేకు మీద రెండు దరువులు వేశారు. బస్సు కదిలింది.

మర్నాడు మదీనాగూడ స్టాపులో ఎల్లమ్మ లేదు. ఆ మర్నాడూ లేదు. నాలుగో రోజు సాయిలు ఉండబట్టలేక ఆమెతో పనిచేసే ఆడవాళ్లను అడిగాడు. వాళ్లలో పెద్దామె చెప్పింది.

"నడుసుకుంట గేటు కాడికి వొయ్యేసరికి మస్తు లేటైంది. ఎందుకు లేటైందని అడిగితే, వాన కొట్టిందంటే అయిపోతుండె గద అన్నా! దగ్గుతున్ననని బస్సు దించిండ్రని ఉన్నదున్నట్టు చెప్పింది. గంతే, సూపర్‌వైజర్ గేటు లోపటికి రానియ్యలె. దవాఖానకెల్లి కాయితం తెమ్మన్నడు. దవాఖానోళ్లు జ్వరం గిరం ఏం లేదు, మందు ఘాటేనన్నరు. కాయితం పట్టుకొనొచ్చేసరికి గా పనిల ఇంకోదాన్ని పెట్టిండ్రు."

సాయిలు ఆ సాయంత్రమే మదీనాగూడ వెనక గల్లీల్లో ఆమె అద్దెకుండే గది వెతుక్కుంటూ పోయాడు. తాళం వేసి ఉంది. కిరాయి కట్టలేక మొగుణ్ని తీసుకుని ఎటో వెళ్లిపోయిందని ఇంటామె చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? బస్సులో మళ్లీ అందరూ మామూలే. లాప్‌టాప్ సంచీ ఆయన మామూలుగానే ఎక్కాడు, జలుబు చేసి రెండు రోజులు తుమ్మాడు కూడా. ఆయన్ను ఎవరూ దించమనలేదు. సాయిలుకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, తన మీద.

కార్తీకమాసంలో ప్రవళికకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా నిమ్మళం. ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే సాయిలూ సంబరపడ్డాడు, ఎందుకు పడడు? మూడు నెలల తర్వాత కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి నిమిరాడు. మనవరాలిని ఒళ్లో వేసుకున్నాడు. అది చిన్న తుమ్ము తుమ్మింది. అందరూ "చిరంజీవ" అన్నారు. ఆయనకు మాత్రం వానలోకి దిగిపోతున్న ఎల్లమ్మ వీపు గుర్తొచ్చి మనసంతా చేదైపోయింది.

ఆ వెంటనే నవంబరు చివర తెలంగాణ అంటుకుంది. రోజుకో ర్యాలీ, వారానికో బంద్. రోగం ఆపలేని బస్సులను ఉద్యమం ఆపింది. డిపో గేట్లు మూతపడ్డాయి. సాయిలు, నర్సింహ మెడల్లో కండువాలు వేసుకుని అందరితోపాటు రోడ్డెక్కారు. అబ్బ, ఏం రోజులవి! ముంబై హైవే మీద పొద్దున్నే జనం నడుస్తూ పోతుంటే, ఎవరి మొహంలోనూ బస్సు లేదన్న చిరాకు లేదు. ముక్కూ మొహం తెలియనివాడు పిలిచి చాయ్ తాగించేవాడు. ఇల్లు వదిలి వచ్చిన ప్రతివాడికీ రోడ్డే ఇల్లయింది. ఆ రోజుల గురించి చెప్పమంటే సాయిలు ఈనాటికీ అన్నం చల్లారిపోయేదాకా చెబుతాడు. ఒక్క వంటావార్పు సంగతి దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తాడు.

అది జనవరిలో జరిగింది, కొత్తగూడ చౌరస్తాలో. నడిరోడ్డు మీద మూడేసి రాళ్ల పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం, పప్పుచారు వండి అందరికీ వడ్డిస్తున్నారు. అలా ఊరంతా ఒక్క బంతిలా రోడ్డు మీద కూర్చుని తినడమే ఆనాటి నిరసన. సాయిలు విస్తరాకు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. అన్నం పెడుతున్న చెయ్యి ఆగింది. తలెత్తి చూస్తే ఎల్లమ్మ.

"ఏం కండక్టరన్నా, సాలా? ఇంకింత పెట్టాల్నా?"

సాయిలు వరసలోంచి పక్కకు తప్పుకున్నాడు. "నీ కోసం మదీనాగూడంత దేవులాడిన ఎల్లమ్మా."

"మణికొండకు మారినం. అపార్ట్‌మెంట్లల్ల ఊడుస్తున్న. నడిసే పోత, బస్సు పనే లేదు" అంది. గరిటె ఇంకొకరి చేతికిచ్చి, తనూ ఇంత అన్నం పెట్టుకుని వచ్చి ఆయన పక్కనే డివైడర్ మీద కూర్చుంది.

"ఆ దినం నేను చేసింది తప్పే" అన్నాడు సాయిలు. "నీ పని వోగొట్టిన."

ఎల్లమ్మ అన్నం కలుపుకుంది. "పని వోతది, వస్తది. గది గాదన్నా. గియ్యాల బస్సులు బందున్నయ్. మణికొండకెల్లి గీడిదాక నడిసొచ్చిన. కాళ్లు నొయ్యలె. ఎందుకంటే అందరం నడిసినం. పందిజ్వరానికి గూడ బస్సే బంద్ పెట్టి ఉంటే, నిన్ను తిట్టుకుంటనైనా అందరం కలిసి నడుస్తుంటిమి. నువ్వు బస్సు ఆపలె. నన్ను దించినవ్. బస్సు వొయ్యింది, నేనొక్కదాన్నే నడిసిన."

సాయిలు తింటున్న విస్తరాకు పక్కన పెట్టాడు. "మరి ఒక్క మాటన్నా అనకపోతివి. నువ్వొక్కసారి నోరు తెరిచి తిడితే నేను దించకపోతుంటి" అన్నాడు.

"తిడుదామనే అనుకున్న. నోటిదాక వచ్చింది. నీ మొఖం చూసినంక నీ బిడ్డ యాదికొచ్చింది. నాకేం ఎరుకన్నా, నాకు గా జ్వరమే ఉన్నదేమో? నా టికెట్టు నీ చేతికెల్లే గద తీసుకుంట. నీ చేతులకెల్లి ఇంటికి వొయ్యి ఆ పిల్లకు తగిలితే? గందుకే సప్పుడుజేయక దిగిన" అంది ఎల్లమ్మ. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, అప్పుడు అడిగింది. "ఇంతకు మన పిల్ల మంచిగున్నదా? ఏం పుట్టింది?"

"ఆడపిల్ల" అని చెప్పి, డిపో వాళ్లందరి ముందూ, ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకుని సాయిలు భోరున ఏడ్చాడు.